మంచు కరిగే వేళ కొండదారి

మనాలి నుంచి స్పితి లోయకు వెళ్లే దారి గ్రంఫూ దగ్గర పాత లేహ్ రహదారిని వదిలి, చంద్రా నది వెంబడి బాతల్ దాకా సాగి, ఆపైన 4,500 మీటర్లు దాటిన కుంజుమ్ కనుమ ఎక్కుతుంది. శీతాకాలమంతా మూసి ఉండే ఈ దారిని వేసవి మొదట్లో తెరిచాక, కొన్ని వారాల పాటు ఒక్క రోజు ప్రయాణంలోనే గట్టిపడిన మంచు, నున్నటి మంచుగడ్డ, బురద, గుండ్రాళ్ల మీదుగా పారే వాగులు అన్నీ ఎదురవుతాయి. హైదరాబాద్, విజయవాడల నుంచి సొంత కార్లలో అటు బయలుదేరేవారి సన్నాహం చాలావరకు బండి చుట్టూనే తిరుగుతుంది: ఫోర్ వీల్ డ్రైవ్ ఉందా, గ్రౌండ్ క్లియరెన్స్ ఎంత, టైర్లు ఏ రకం అని. కానీ అలాంటి దారిలో ఏ బండిలో వెళ్తున్నామన్న దానికంటే ఏ వేళకు ఎక్కడ ఉన్నామన్నదే ముఖ్యం.

బండిని ముందుకు నడిపేదీ, మలుపు తిప్పేదీ, ఆపేదీ టైరుకూ నేలకూ మధ్య ఉండే ఘర్షణే. పొడి తారు మీద ఘర్షణ గుణకం (బరువులో ఎంత వంతు పట్టుగా మారుతుందో చెప్పే సంఖ్య) సుమారు 0.7 ఉంటే, అణగి గట్టిపడిన మంచు మీద 0.2కు, తడి మంచుగడ్డ మీద 0.1కు, ఒక్కోసారి అంతకన్నా తక్కువకు పడిపోతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు బ్రేకు పడ్డాక తారు మీద 9 మీటర్లలో ఆగితే, మంచు మీద 30 మీటర్లకు పైగా, మంచుగడ్డ మీద 60 మీటర్లకు పైగా జారుకుంటూ పోతుంది. గుణకం 0.1 కన్నా తగ్గిన చోట, పది మీటర్లకు ఒక మీటరు దిగే వాలులో, నాలుగు చక్రాలనూ బిగించి నిలిపిన బండి కూడా తనంతట తాను కిందికి జారడం మొదలుపెడుతుంది.

మంచుగడ్డ ఎందుకు జారుతుందన్న ప్రశ్నకు, బరువు పడిన చోట ఒత్తిడికి అది కరిగి నీటి పొర ఏర్పడుతుందని చాలామంది చదువుకుని ఉంటారు. లెక్క వేస్తే ఈ జవాబు నిలవదు. ఒక వాతావరణ పీడనం పెరిగితే మంచు ద్రవీభవన స్థానం తగ్గేది డిగ్రీలో వందో వంతు కూడా కాదు; కారు టైరు కలిగించే ఒత్తిడి అలాంటివి రెండు మూడుకు మించదు. మంచు ఉపరితలం మీద సహజంగానే ద్రవం వంటి పలుచని పొర ఉంటుందని మైకేల్ ఫారడే 1850లోనే ఊహించాడు. జారేటప్పుడు రాపిడి వేడికి మరికొంత మంచు కరుగుతుందని బౌడెన్, హ్యూజ్ అనే శాస్త్రవేత్తలు 1939లో చూపారు. అందువల్ల మైనస్ 20 డిగ్రీల దగ్గర టైరుకు కాస్తో కూస్తో పట్టు ఇచ్చే మంచు, సున్నాకు చేరువైన కొద్దీ ప్రమాదకరమవుతుంది. వేసవి మొదట్లో కనుమల మీద పగటిపూట ఉండేది సరిగ్గా ఆ ఉష్ణోగ్రతే.

బురద సంగతి ఇంకా చిత్రమైనది. చలికాలంలో నేల పైనుంచి గడ్డకడుతూ వచ్చేటప్పుడు, అడుగున ఉన్న తేమ మట్టి రేణువుల సందుల గుండా పైకి ఎగబాకి, పలుచని మంచు పలకలుగా పేరుకుంటుంది. మామూలుగా ఇమిడే దానికంటే ఎక్కువ నీరు ఆ మట్టిలో చేరుతుంది. ఎండ తగిలినప్పుడు కరిగేది పైపొరే. అడుగు పొర ఇంకా గడ్డకట్టే ఉండటం వల్ల నీరు ఇంకిపోయే దారి లేదు. రేణువుల మీద పడాల్సిన బరువును మధ్యలోని నీరే మోస్తుంది కాబట్టి రేణువుల మధ్య రాపిడి సడలి, తెల్లవారుజామున లారీని మోసిన నేల మధ్యాహ్నానికి జీపును కూడా మోయలేకపోతుంది.

దమ్ము చేసే మడిలో ట్రాక్టరుకు ఇనుప చక్రాలు తగిలించేది ఇలాంటి నేలను దృష్టిలో పెట్టుకునే. కారులో అంత వీలు లేదు గాని, టైర్లలో గాలి తగ్గించవచ్చు. రెండు టన్నుల బండికి 32 పీఎస్ఐ దగ్గర ఒక్కో టైరు నేలను తాకే వైశాల్యం సుమారు 220 చదరపు సెంటీమీటర్లు. 18కి దించితే అది దాదాపు 400 అవుతుంది, నేల మీద ఒత్తిడి ఆ మేరకు తగ్గుతుంది. గట్టి మంచుగడ్డ మీద మాత్రం దీనితో పెద్దగా ప్రయోజనం ఉండదు. అక్కడ కావలసినవి టైర్లకు చుట్టే గొలుసులు.

ఇక ఫోర్ వీల్ డ్రైవ్. ఇంజిన్ బలాన్ని ఎడమ, కుడి చక్రాలకు పంచే గేర్ల అమరికైన సాధారణ డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమానమైన తిప్పుబలాన్నే ఇస్తుంది. ఒకటి బురదలో ఊరికే గిరగిరా తిరుగుతుంటే, గట్టి నేల మీద ఉన్న రెండోదానికీ ఆ కొద్దిపాటి బలమే అందుతుంది. నాలుగు చక్రాలకూ బలం పంచడం, డిఫరెన్షియల్‌ను లాక్ చేయడం ఈ చిక్కును తీరుస్తాయి. అయితే ఆగడానికి అవి సాయపడవు, ఎందుకంటే బ్రేకులు ప్రతి కారుకూ నాలుగు చక్రాలకూ ఉండనే ఉంటాయి. ఎక్కడంలో బండి చూపిన సత్తాను నమ్మి దిగడంలో వేగం పెంచేవారే ఎక్కువ ప్రమాదంలో పడతారని నా అభిప్రాయం. దిగేటప్పుడు తక్కువ గేరులో ఇంజిన్‌తోనే వేగాన్ని అదుపు చేయడం మేలు. వదులు మంచు మీద ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండి ఆగే దూరం పెరగవచ్చు కూడా. బిగుసుకున్న చక్రం ముందు మంచు కుప్పపడి అడ్డుకట్టగా పనిచేసే అవకాశాన్ని అది పోగొడుతుంది.

వాగులదీ వేళ లెక్కే. హిమానీనదాల నీరు ఎండతో పెరిగి మధ్యాహ్నం తర్వాత, సాయంత్రం లోపు ఉరవడిగా వస్తుంది. బండి అడుగుభాగాన్ని నీరు తాకిన తర్వాత, లోపలికి దూరేలోగా, లోతు పెరిగే ప్రతి 10 సెంటీమీటర్లకూ సుమారు 600 కిలోల బరువును నీరు పైకి ఎత్తుతుంది. చక్రాల మీద బరువు తగ్గితే పట్టూ అంతే తగ్గుతుంది. తెల్లవారుజామున నీరు తక్కువే గాని, రాత్రి ఒడ్డున చిందిన తడి నీడపట్టున అద్దంలా గడ్డకట్టి ఉంటుంది. కాబట్టి వాగు ఒడ్డుకు ఎండ చేరి ఆ పొర కరిగాక, ప్రవాహం పొంగకముందు దొరికే ఉదయపు రెండు మూడు గంటల్లోనే దాటాలి. సాయంత్రం అక్కడికి చేరినవారు ఇవతలే రాత్రి గడపడం మంచిది.