శాన్ అంతోన్ పండుగ మంటలు 17న వేయరు: అపోహలు - వాస్తవాలు

దసరా దాటిన దగ్గర నుంచి, సంక్రాంతి సెలవుల్లో స్పెయిన్ చూడాలనుకునే తెలుగు కుటుంబాల ఫోన్లు మాకు మొదలవుతాయి. అక్కడికి యాత్రా బృందాలను తీసుకువెళ్లే వృత్తిలో ఉన్నందువల్ల ప్రతి ఏడూ దాదాపు ఇదే మాట వింటుంటాను: "గుర్రాలు మంటల్లోంచి వెళ్లే పండుగ జనవరి 17న కదండీ, ఆ సాయంత్రానికి ఊరు చేరేలా టికెట్లు చూడండి." మిగిలిన అపోహలన్నీ కలిసినా ఈ ఒక్కటి చేసినంత నష్టం చేయవు కాబట్టి ముందుగా దీని గురించే రాస్తున్నాను.

అపోహ: పండుగ 17న కాబట్టి మంటలు కూడా 17 రాత్రే వేస్తారు.

వాస్తవం: జనవరి 17 శాన్ అంతోన్ అనే ప్రాచీన క్రైస్తవ సన్యాసి స్మరణ దినం, మంటలు మాత్రం 16 రాత్రివి. క్రైస్తవ సంప్రదాయంలో పెద్ద పండుగ ముందు రోజు సాయంత్రపు ప్రార్థనతోనే మొదలవుతుంది. మన ఊళ్ల చర్చీల్లో క్రిస్మస్ ఆరాధన 24 అర్ధరాత్రి జరగడం అందరికీ తెలిసిందే. ఆవిలా ప్రాంతంలో, మద్రిద్‌కు సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, శాన్ బార్తొలొమె దె పినారెస్ అనే చిన్న గ్రామం ఉంది. అక్కడ గుర్రాలను మంటల్లోంచి దాటించే 'లాస్ లుమినారియాస్' 16వ తేదీ రాత్రి తొమ్మిది గంటల ప్రాంతంలో మొదలై రెండు గంటల్లో ముగిసిపోతుంది. మయోర్కా ద్వీపంలోని సా పొబ్లాలో వీధివీధినా నెగళ్లు వేసి, దయ్యాల వేషగాళ్లను ఆడించి, ఈల్ చేప, పాలకూర కూరిన 'ఎస్పినగాద' తినేది కూడా 16 రాత్రే.

కొన్నేళ్ల క్రితం విజయవాడకు చెందిన దంపతులు ఏర్పాట్లన్నీ సొంతంగా చేసుకుని, ఇద్దరు పిల్లలతో 17 సాయంత్రం శాన్ బార్తొలొమె గ్రామం చేరారు. వారు చూసిన వెబ్‌సైట్‌లో 17 అని మాత్రమే ఉంది కాబట్టి వారిని తప్పుపట్టలేము. వీధుల్లో బూడిద తప్ప మరేమీ లేకపోవడంతో ఆ ఇల్లాలు నాకు ఫోన్ చేసి, "అన్నయ్య గారూ, ఇంత డబ్బు పోసి వచ్చాం, పిల్లలకు ఏం చెప్పమంటారు?" అని కన్నీళ్లు పెట్టుకున్నారు. నలుగురి విమాన ఛార్జీలు, వీసా రుసుములు, పండుగ సీజన్ ధరలు తలచుకుంటే ఆ బాధ ఎవరికైనా అర్థమవుతుంది. వారి తిరుగు ప్రయాణం 21న ఉండటం వల్ల శాన్ సెబాస్తియాన్ నగరానికి వెళ్లమని చెప్పాను. అక్కడి 'తంబొర్రాద' పండుగ తేదీ జనవరి 20 అని అన్నిచోట్లా రాసి ఉంటుంది కానీ, 19వ తేదీ రాత్రి పన్నెండు కొట్టగానే కాన్‌స్తితుసియోన్ కూడలిలో జెండా ఎగురవేయడంతో డ్రమ్ముల మోత మొదలై 24 గంటల పాటు సాగుతుంది. 20 ఉదయం తీరిగ్గా దిగితే ఆ ఘట్టం కూడా దాటిపోతుందని చెప్పి, 19 రాత్రి చాలా ముందుగానే కూడలి చేరమని రెండుసార్లు గుర్తుచేశాను, చేరారు, చూశారు.

కాబట్టి స్పెయిన్‌లో ఏ శీతాకాలపు పండుగ తేదీ విన్నా, అంతకు ముందు రాత్రి ఏం జరుగుతుందో కనుక్కోకుండా టికెట్ కొనకండి. శాన్ అంతోన్ విషయంలో 16 రాత్రి గ్రామంలోనూ, 17 పగలు జంతువులను దీవించే మద్రిద్‌లోనూ ఉండటం ఉత్తమం. గ్రామం నుంచి పొద్దుపోయాక తిరిగి రావడానికి బస్సులను నమ్ముకోకుండా ముందే కారు మాట్లాడుకోవాలి, లేదా ఆవిలాలో బస చేయాలి.

అపోహ: అక్కడ గుర్రాలను సజీవంగా కాలుస్తారు.

వాస్తవం: ఏటా జనవరి రాగానే వాట్సాప్‌లో తిరిగే ఈ మాట పచ్చి అబద్ధం, దీన్ని ముందూ వెనకా చూడకుండా పంపేవారిని చూస్తే నాకు సహనం నశిస్తుంది. గుర్రాన్ని మంటలో నిలబెట్టరు. రౌతు దాని మీద కూర్చుని క్షణాల్లో దాటిస్తాడు. బయలుదేరే ముందు గుర్రాల తోకలను అల్లి, ముడిచి, గట్టిగా చుట్టి కట్టడం దగ్గర నుంచి చూశాను. ఎండు కట్టెల మీద పచ్చి కొమ్మలు వేసేది దట్టమైన పొగ కోసం, ఎందుకంటే పశువులను రోగాల నుంచి కాపాడేది ఆ పొగేనని గ్రామస్థుల నమ్మకం. గుర్రాలు బెదురుతాయన్న జంతు హక్కుల సంస్థల అభ్యంతరాన్ని మాత్రం నేను కొట్టిపారేయను. బెదిరిన గుర్రాలను నేనూ చూశాను, ఆ చర్చ జరగవలసిందే.

పిల్లల ఆయాసం గురించి అడిగే తల్లుల భయం న్యాయమైనది. ఆ ఇరుకు వీధుల్లో పొగ ఊపిరాడనివ్వదు, ఉబ్బసం ఉన్నవారిని నేను తీసుకువెళ్లను. మిగిలినవారు నైలాన్ జాకెట్లు వేసుకోకూడదు, నిప్పురవ్వ పడితే చిల్లు పడుతుంది. ఉన్ని కోటు మేలు.

అపోహ: ఈ శాన్ అంతోన్, మన క్యాథలిక్కులు కొలిచే పాదువాపురి అంతోనివారు ఒక్కరే.

వాస్తవం: కాదు. పాదువా అంతోనివారు 1231లో మరణించారు, వారి పండుగ జూన్ 13. శాన్ అంతోన్ అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందు, 356లో మరణించిన ఈజిప్టు సన్యాసి. ఆయన పేరిట 1095 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో ఏర్పడిన సేవా సంఘం, ఎర్గాట్ అనే బూజు తెగులు సోకిన రై ధాన్యం తిని కాళ్లూ చేతులూ మండిపోయే రోగులకు పంది కొవ్వు పూసి చికిత్స చేసేది. మన సజ్జ చేలలోని తేనెబంక తెగులు కూడా ఆ కోవదే. ఆ సంఘం పందులు మెడలో గంటతో ఊళ్లో స్వేచ్ఛగా తిరిగేవి, అందుకే ఆ సన్యాసి చిత్రాల్లో పాదాల దగ్గర పంది కనిపిస్తుంది. సలమాంకా ప్రాంతంలోని లా అల్బెర్కా గ్రామంలో ఇప్పటికీ జూన్ 13న ఒక పందిని దీవించి వదులుతారు, ఊరంతా దానికి మేత పెడుతుంది, జనవరి 17న లాటరీ తీసి ఇచ్చేస్తారు. మొదలు ఒక అంతోని పండుగ రోజున, ముగింపు మరో అంతోని పండుగ రోజున కావడంతో అయోమయం సహజమే.

శాన్ అంతోన్ పండుగ మన భోగి, కనుమల నుంచే అక్కడికి వెళ్లిందనే ప్రచారానికి ఆధారం లేదు. క్రైస్తవులు కానివారిని రానివ్వరనడం కూడా నిజం కాదు: మద్రిద్‌లో ఒర్తాలేసా వీధిలోని శాన్ అంతోన్ చర్చి ముందు కుక్కలు, పిల్లులు, తాబేళ్లు, చిలుకలతో జనం బారులు తీరితే, ఫాదర్ మతం అడగకుండా తీర్థం చల్లుతారు. అక్కడ అమ్మే చిన్న రొట్టెలను ఏడాది పాటు నాణెంతో కలిపి దాచుకుంటే డబ్బుకు లోటు ఉండదని అక్కడివారి విశ్వాసం, కొని తెచ్చుకోవచ్చు.

చివరగా ఒక మినహాయింపు. శాన్ బార్తొలొమె, సా పొబ్లాల్లో నెగళ్ల రాత్రి మారదు కానీ, బార్సిలోనాలో గుర్రపు బళ్లతో సాగే 'త్రెస్ తొంబ్స్' వంటి ఊరేగింపులను 17కు దగ్గరలోని వారాంతానికి జరుపుతుంటారు. అందువల్ల మీరు వెళ్లే ఊరి పురపాలక సంఘం ఆ ఏటి కార్యక్రమాన్ని ప్రకటించే దాకా, రద్దు చేసుకుంటే డబ్బు తిరిగిచ్చే గదులనే తీసుకోండి.