తేడా తుది జట్టులో కాదు, బెంచీ మీద

2025 ఏప్రిల్ 24 రాత్రి గ్రీన్ బే పట్టణంలో ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ మొదలైంది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో వృత్తి జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం అది. మొదటి వంతులో టెనెసీ టైటన్స్ జట్టు మయామీ విశ్వవిద్యాలయం క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడిని నడిపే ఆటగాడు) కామ్ వార్డ్‌ను తీసుకుంది. రెండో వంతులో జాక్సన్‌విల్ జాగ్వార్స్ కొలరాడో ఆటగాడు ట్రావిస్ హంటర్‌ను ఎంచుకుంది. మయామీ, కొలరాడో రెండూ పెద్ద కాలేజీలే. కానీ వార్డ్ ఆట మొదలైంది శాన్ ఆంటోనియోలోని ఇన్‌కార్నేట్ వర్డ్ అనే చిన్న విశ్వవిద్యాలయంలో. హంటర్ తొలి ఏడాది ఆడింది మిసిసిపీలోని జాక్సన్ స్టేట్‌కు. ఆ ఏడాది దేశమంతటా వడపోయగా ముందు నిలిచిన ఇద్దరూ రెండో శ్రేణి కాలేజీల్లో మొదలై, మధ్యలోనే పై శ్రేణికి వెళ్లిపోయినవాళ్లు.

చిన్న కాలేజీ ఆటగాడికీ పెద్ద కాలేజీ ఆటగాడికీ పోలికే లేదని అమెరికా అభిమానులు చాలామంది నమ్ముతారు. మొత్తం జట్లను పక్కపక్కన నిలబెడితే ఆ నమ్మకం చాలావరకు నిజమే. అయితే ఆ దూరాన్ని పెంచిందీ తగ్గించిందీ ఎప్పటికప్పుడు మారిన నిబంధనలు, జాతి వివక్ష, డబ్బు. పైగా రెండు జట్లలోని మేటి ఆటగాళ్ల మధ్య తేడా అనుకున్నంత ఉండదు. వాళ్ల వెనుక బెంచీ మీద కూర్చున్నవాళ్ల దగ్గరికి వచ్చేసరికి అది బయటపడుతుంది.

ముందు శ్రేణుల సంగతి. కాలేజీ క్రీడలను నడిపే సంఘం ఎన్‌సీఏఏ. ఫుట్‌బాల్‌లో దాని పై శ్రేణిని ఎఫ్‌బీఎస్ అంటారు, దాని కింద ఎఫ్‌సీఎస్, తర్వాత డివిజన్ 2, డివిజన్ 3. ఇటీవలి దాకా పై శ్రేణి కాలేజీ 85 మందికి పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వగలిగేది. ఎఫ్‌సీఎస్‌కు 63, డివిజన్ 2కు 36 స్కాలర్‌షిప్‌లకు సమానమైన మొత్తం. దాన్ని ఎక్కువమందికి ముక్కలుగా పంచుకోవచ్చు. డివిజన్ 3లో ఆట పేరు మీద ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు. మైదానంలో ఒక్కో జట్టుకు ఒకేసారి దిగేది ఎక్కడైనా 11 మందే.

మొదట్లో ఈ మెట్లేవీ లేవు. 1869లో రట్‌గర్స్, ప్రిన్స్‌టన్ తొలి పోటీ ఆడినప్పుడు రెండూ చిన్న కాలేజీలే. ఆ తర్వాత చాలాకాలం ఎవరు ఎవరితోనైనా ఆడేవారు. దాని ఫలితాలు విడ్డూరంగా ఉండేవి. 1916 అక్టోబరు 7న జార్జియా టెక్ జట్టు కంబర్లాండ్ కాలేజీని 222–0తో ఓడించింది. కంబర్లాండ్ అప్పటికే ఫుట్‌బాల్‌ను వదిలేసింది. అయినా ఒప్పందం ప్రకారం రాకపోతే 3,000 డాలర్ల జరిమానా, వస్తే 500 డాలర్లు. అందుకని చేతికి దొరికిన విద్యార్థులను పోగుచేసి పంపారు. దెబ్బలు తినడానికి డబ్బు తీసుకునే ఈ ఏర్పాటు పేరు మార్చుకుని నేటికీ బతికే ఉంది. ఐదేళ్ల తర్వాత, 1921 అక్టోబరు 29న, కెంటకీలోని డాన్‌విల్ అనే చిన్న ఊరి సెంటర్ కాలేజీ హార్వర్డ్‌ను వాళ్ల మైదానంలోనే 6–0తో ఓడించింది. అప్పటికి హార్వర్డ్ వరసగా 25 పోటీల్లో ఓటమి ఎరుగదు. పరుగెత్తి ఆ ఆరు పాయింట్లు తెచ్చిన బో మెక్‌మిలిన్ లాంటివాడు ఒక్కడు దొరికితే చిన్న కాలేజీ కూడా గెలవగలిగిన కాలం అది. మైదానంలోకి దిగిన ఆ పదకొండు మందే అటు దాడీ ఇటు రక్షణా చూసుకోవాలి. ఒకసారి బయటికి వెళితే వెంటనే తిరిగి రావడానికి వీల్లేదు. ఇరవైమంది గట్టి కుర్రాళ్లుంటే జట్టు నడిచిపోయేది.

ఈ ఆటలో పెద్ద, చిన్న అన్నది శాశ్వతమైన కులం కాదని చెప్పడానికి షికాగో విశ్వవిద్యాలయం చాలు. 1935లో, ఏటా కాలేజీల మేటి ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీని తొలిసారి అందుకున్న జే బర్వాంగర్ అక్కడివాడే. మరుసటి ఏడాది జరిగిన మొట్టమొదటి ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో మొదటి పేరూ అతనిదే, అతను వృత్తి ఆటకు వెళ్లలేదనుకోండి. నాలుగేళ్లు తిరక్కుండానే ఆ జట్టు మిషిగన్ చేతిలో 85–0తో, ఒహాయో స్టేట్ చేతిలో 61–0తో ఓడింది. విశ్వవిద్యాలయ అధ్యక్షుడు రాబర్ట్ హచిన్స్ 1939 చివర్లో ఫుట్‌బాల్‌నే రద్దు చేశారు. ఖాళీపడిన ఆ జట్టు మైదానం స్టాగ్ ఫీల్డ్ మెట్ల కింద 1942 డిసెంబరులో శాస్త్రవేత్తలు ప్రపంచంలోనే తొలిసారిగా నియంత్రిత అణు శృంఖల చర్య జరిపారు. ఆట అక్కడికి 1969లో తిరిగి వచ్చింది. ఇప్పుడు షికాగోది డివిజన్ 3.

దూరాన్ని నిజంగా పెంచిన మార్పు పైకి చాలా చిన్నదిగా కనిపిస్తుంది: ఆటగాళ్లను మార్చుకునే నియమం. యుద్ధకాలంలో 1941లో దాన్ని సడలించారు, 1953లో మళ్లీ బిగించారు, 1960ల నడుమకల్లా పూర్తిగా వదిలేశారు. దాంతో దాడికి ఒక దళం, రక్షణకు మరో దళం, బంతి తన్నడానికి వేరే మనుషులు వచ్చారు. అలసినవాడి స్థానంలో వెంటనే తాజా మనిషి దిగుతాడు. ఇరవైమందితో నడిచే ఆట తొంభైమంది కావలసిన ఆటగా మారింది. 1956 నుంచి ఆట ప్రతిభకే పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వవచ్చన్న అనుమతి ఎటూ ఉంది. ఇంతమందికి ఇవ్వాలన్న జాతీయ పరిమితి లేదు. అందువల్ల పెద్ద కాలేజీలు తమకు కావలసినవాళ్లతో పాటు, ఎదుటి జట్టుకు దక్కకూడదనుకున్నవాళ్లను కూడా గంపగుత్తగా తెచ్చి కూర్చోబెట్టేవి.

అదే కాలంలో, ఆ పెద్ద కాలేజీలు వద్దనుకున్న ప్రతిభ ఒక చోట కుప్పలుగా ఉండేది. దక్షిణ రాష్ట్రాల పెద్ద విశ్వవిద్యాలయాలు నల్లజాతి ఆటగాళ్లను చేర్చుకునేవి కావు. లూసియానాలోని గ్రాంబ్లింగ్ లాంటి నల్లజాతి కాలేజీలకే వాళ్లు వెళ్లాలి. అక్కడ ఎడీ రాబిన్సన్ 1941 నుంచి 1997 దాకా కోచ్‌గా ఉండి 408 పోటీలు గెలిచారు, 200 మందికి పైగా ఆటగాళ్లను వృత్తి జట్లకు పంపారు. 1963లో ఏఎఫ్‌ఎల్ (అప్పట్లో ఎన్‌ఎఫ్‌ఎల్‌కు పోటీ లీగ్) డ్రాఫ్ట్‌లో అందరికంటే ముందు ఎంపికైన బక్ బుకానన్ ఆయన శిష్యుడే. వాల్టర్ పేటన్ జాక్సన్ స్టేట్‌కు ఆడాడు. ‘చిన్న కాలేజీ ఆటగాడు’ అన్న ముద్ర ఇలాంటివాళ్లకు వేయడం ఎంత తప్పుడు లెక్కో చెప్పనక్కర్లేదు. చిన్నవి కాలేజీ బడ్జెట్లు మాత్రమే.

ఈ సంగతి పసిగట్టినవాళ్లలో బిల్ నన్ ఒకరు. పిట్స్‌బర్గ్ కూరియర్ అనే నల్లజాతి పత్రికలో క్రీడా విలేకరిగా ఏటా నల్లజాతి కాలేజీల మేటి ఆటగాళ్ల జాబితా వేసేవారు. ఆ జాబితా ఉన్న మనిషినే పిట్స్‌బర్గ్ వృత్తి జట్టు స్టీలర్స్ స్కౌట్‌గా, అంటే ప్రతిభను వెతికే మనిషిగా, తెచ్చుకుంది. 1974 డ్రాఫ్ట్‌కు ముందు అలబామా ఏ అండ్ ఎం కాలేజీలో జాన్ స్టాల్‌వర్త్ అనే కుర్రాణ్ని పరీక్షించడానికి చాలా జట్ల స్కౌట్లు వెళ్లారు. నేల తడిగా ఉండడంతో పరుగు మందకొడిగా సాగింది, అందరూ పెదవి విరిచి వెళ్లిపోయారు. నన్ మాత్రం ఒంట్లో బాగాలేదని చెప్పి అక్కడే ఉండిపోయి, పొడి నేల మీద స్టాల్‌వర్త్‌ను మళ్లీ పరుగెత్తించి స్టాప్‌వాచీ చూసుకున్నారని స్టీలర్స్ వాళ్లు కథలా చెప్పుకుంటారు. స్టాల్‌వర్త్‌ను వాళ్లు నాలుగో రౌండులో తీసుకున్నారు (జట్లన్నిటి వంతులూ ఒకసారి పూర్తయితే ఒక రౌండు). అదే ఏడాది డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోని సౌత్ కరొలైనా స్టేట్ ఆటగాడు డానీ షెల్‌నూ చేర్చుకున్నారు. ఆ ఇద్దరూ, చివరికి నన్ కూడా, వృత్తి ఆటలో మేటివాళ్ల గౌరవ జాబితా అయిన హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కారు.

అప్పటికే దక్షిణాది పెద్ద కాలేజీల తలుపులు తెరుచుకుంటున్నాయి. 1970 సెప్టెంబరు 12న బర్మింగ్‌హామ్‌లో, నల్లజాతి ఆటగాడు ఒక్కడూ ఆడని అలబామా జట్టును సదరన్ కాలిఫోర్నియా 42–21తో ఓడించింది. అందులో సామ్ కన్నింగ్‌హామ్ అనే నల్లజాతి ఆటగాడు 135 గజాలు పరుగెత్తాడు. ఆ ఒక్క రాత్రితో దక్షిణాది మారిపోయిందని చెప్పడం అతిశయోక్తి. అలబామా అప్పటికే విల్బర్ జాక్సన్‌కు స్కాలర్‌షిప్ ఇచ్చింది. కానీ దారి ఎటో తేలిపోయింది. పదేళ్లు గడిచేసరికి గ్రాంబ్లింగ్‌కు వెళ్లవలసిన కుర్రాళ్లు అలబామాకు, జార్జియాకు వెళ్లసాగారు. అన్యాయం తొలగింది, దానితో పాటు ఆ కాలేజీల బలమూ తరిగింది. 2021 డ్రాఫ్ట్‌లో నల్లజాతి కాలేజీల నుంచి ఒక్కరూ ఎంపిక కాలేదు.

ఇంకోవైపు, ఖర్చు భరించలేకో, పోటీ కొంతైనా సమానంగా ఉండాలనో ఎన్‌సీఏఏ 1973లో స్కాలర్‌షిప్‌లకు 105 అన్న గీత గీసింది. 1978లో దాన్ని 95కు దించి, డివిజన్ 1ను రెండుగా (ఇప్పటి ఎఫ్‌బీఎస్, ఎఫ్‌సీఎస్) చీల్చింది. 1994కల్లా 85 అయింది. ప్రేక్షకుల సంఖ్య లాంటి కొలతలకు సరిపోక హార్వర్డ్, యేల్ లాంటి ఐవీ లీగ్ కాలేజీలు 1982లో కింది భాగానికి వెళ్లాయి. మన పిల్లల అడ్మిషన్ల జాబితాలో ఆకాశంలో ఉండే పేర్లు ఫుట్‌బాల్ లెక్కలో చిన్నవైపోయాయి.

ఒక్కో కాలేజీలో 20 తగ్గాయి, అలాంటి కాలేజీలు వందకు పైగా. అంటే దాదాపు రెండు వేల మంది ఏదో పెద్ద జట్టు బెంచీ మీద కూర్చోవడానికి బదులు మరో చోటు వెతుక్కోవలసి వచ్చింది. దీనికి తోడు ఒక నియమం కింది శ్రేణికి బాగా కలిసొచ్చింది. పై శ్రేణిలో ఒక కాలేజీ నుంచి మరో కాలేజీకి మారితే ఏడాది ఆడకుండా కూర్చోవలసి వచ్చేది, కింది శ్రేణికి దిగితే వెంటనే ఆడగలిగేవారు. ఫ్లోరిడా స్టేట్‌ను వదిలిన రాండీ మాస్ 1996లో అలాగే మార్షల్‌కు వచ్చి దాన్ని ఓటమి లేని విజేతగా నిలిపాడు. జో ఫ్లాకో పిట్స్‌బర్గ్ నుంచి డెలవేర్‌కు దిగి, 2008లో మొదటి రౌండులోనే ఎంపికయ్యాడు.

ఆ కాలపు ఫలమే 2007 సెప్టెంబరు 1. ఐదో ర్యాంకు మిషిగన్, సొంత మైదానంలో లక్షా తొమ్మిది వేల మంది ముందు, నార్త్ కరొలైనా కొండల నుంచి వచ్చిన ఎఫ్‌సీఎస్ జట్టు అప్పలాచియన్ స్టేట్‌తో ఆడింది. వచ్చి ఓడిపోవడానికన్నట్టు ఆ అతిథులకు మిషిగన్ 4 లక్షల డాలర్లు ఇచ్చింది. సగం ఆటకు అతిథులు 28–17తో ముందున్నారు. తర్వాత ఏం జరిగిందో చూస్తే బెంచీ సంగతి తెలుస్తుంది. రెండో సగంలో మిషిగన్ మెల్లగా తేరుకుని, మైక్ హార్ట్ 54 గజాల పరుగుతో నాలుగున్నర నిమిషాలు మిగిలుండగా 32–31తో ముందుకు వచ్చింది. ఇంకో పావుగంట ఉంటే ఏమయ్యేదో ఊహించవచ్చు. కానీ 26 సెకన్లు ఉండగా అప్పలాచియన్ ఫీల్డ్ గోల్ (బంతిని స్తంభాల మధ్యకు తన్నితే వచ్చే మూడు పాయింట్లు) కొట్టింది. చివర్లో మిషిగన్ తన్నిన బంతిని కోరీ లించ్ ఒంటితో అడ్డుకున్నాడు. 34–32. మిషిగన్ వరసలో జేక్ లాంగ్ ఉన్నాడు, మరుసటి డ్రాఫ్ట్‌లో మొదటి పేరు అతనిది. అదే డ్రాఫ్ట్‌లో అప్పలాచియన్ ఆటగాడు డెక్స్టర్ జాక్సన్ రెండో రౌండులో, లించ్ ఆరో రౌండులో ఎంపికయ్యారు.

ఆ జట్టును చూసి అన్ని చిన్న కాలేజీలూ అంతే అనుకుంటే పొరపాటు. 2012లో సవానా స్టేట్ ఓక్లహోమా స్టేట్ చేతిలో 84–0తో, వారం తిరిగేసరికి ఫ్లోరిడా స్టేట్ చేతిలో 55–0తో ఓడింది, అదీ ఉరుములు మెరుపుల వాన వచ్చి ఆట మధ్యలో ఆపేస్తే. రెండు పోటీలకూ కలిపి ముట్టింది సుమారు 8,60,000 డాలర్లు. తర్వాత ఆ కాలేజీ డివిజన్ 2కు దిగిపోయింది. అప్పులవాడి దగ్గరికి కుర్రాళ్లను పంపినట్టు ఈ పోటీలకు జట్లను పంపడం నాకు ఎప్పుడూ మింగుడుపడదు.

ఎంపికలో పొరపాట్లకు మరో మూలం వయసు. పదిహేడేళ్ల కుర్రాడి ఒళ్లు ఇరవై రెండేళ్లకు ఎలా ఉంటుందో ఏ స్కౌటూ కచ్చితంగా చెప్పలేడు. ముఖ్యంగా వరసలో నిలబడి తోసుకునే లైన్‌మెన్ విషయంలో ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే వాళ్ల పనికి 300 పౌండ్ల ఒళ్లు కావాలి. డివిజన్ 3 హోబార్ట్ కాలేజీ నుంచి వచ్చిన అలీ మార్పెట్‌ను టాంపా బే 2015లో రెండో రౌండులో తీసుకుంది. డివిజన్ 3 నుంచి అంత ముందుగా ఎంపికైనవాడు ఇంతవరకు మరొకడు లేడు. డివిజన్ 2 సొనోమా స్టేట్‌లో ఆడిన లారీ అలెన్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కాడు. ఆ కాలేజీ ఫుట్‌బాల్ జట్టునే మూసేసింది.

2021 వేసవి నుంచి రెండు మార్పులు ఒకేసారి వచ్చిపడ్డాయి. తమ పేరు, రూపం వాడుకున్నందుకు ఆటగాళ్లు డబ్బు తీసుకోవచ్చు. ఒకసారి కాలేజీ మారినా ఏడాది కూర్చోనక్కర్లేదు. 2024 నాటికి ఎన్నిసార్లు మారినా అడ్డు లేదు. ఇన్‌కార్నేట్ వర్డ్‌ కామ్ వార్డ్‌ను చేర్చుకున్నప్పుడు ఏ పెద్ద కాలేజీ అతన్ని అడగలేదు, ఎందుకంటే అతని హైస్కూలు జట్టు బంతి విసరడమే తక్కువ. అక్కడ రాణించాక వాషింగ్టన్ స్టేట్‌కు, అక్కడి నుంచి మయామీకి. నారుమడి ఒకరిది, పంట మరొకరిది. ఈస్టర్న్ వాషింగ్టన్‌లో చివరిదాకా ఉండి, 2017లో మూడో రౌండులో వెళ్లి, తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో ఉత్తమ ఆటగాడిగా నిలిచిన కూపర్ కప్ ఈ రోజుల్లో అక్కడే ఉండేవాడా? నాకు అనుమానమే. ఉండేవాళ్లూ లేకపోలేదు: నార్త్ డకోటా స్టేట్‌ను వీడని గ్రే జేబెల్‌ను 2025లో సియాటిల్ మొదటి రౌండులోనే తీసుకుంది. అయితే పదిసార్లు ఎఫ్‌సీఎస్ విజేతగా నిలిచిన కాలేజీకి చెల్లిన సంగతి అది, మిగతావాటికి చెల్లడం కష్టం.

2025 జూన్ 6న న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఆమోదించిన ఒప్పందంతో కాలేజీలు ఆటగాళ్లకు నేరుగా చెల్లించే దారి తెరుచుకుంది. మొదటి ఏడాది ఒక్కో కాలేజీకి అన్ని ఆటలకూ కలిపి గరిష్ఠంగా సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. స్కాలర్‌షిప్‌లకు ఉన్న 85 పరిమితి పోయింది. దాని బదులు జట్టులో 105 మందికి మించకూడదన్నారు. కాలేజీ తలచుకుంటే ఆ 105 మందికీ స్కాలర్‌షిప్ ఇవ్వవచ్చు. ఇరవై ఏళ్లు పట్టి తగ్గించిన 1973 నాటి అంకె ఒక్క సంతకంతో తిరిగి వచ్చింది. ఒప్పందంలో చేరని ఎఫ్‌సీఎస్ కాలేజీలకు పాత 63 అలాగే ఉంది. 22 ఉన్న తేడా ఇప్పుడు 42.