‘పెడ్’ కనిపిస్తే పాదమేనా? అపోహలు - వాస్తవాలు

పోటీ పరీక్షల పిల్లలకు ఇంగ్లిష్ వొకాబులరీ చెబుతుంటాను. పాదానికి లాటిన్ మూలం ‘పెడ్’, గ్రీకు మూలం ‘పొడ్’ అనగానే క్లాసుకు హుషారొస్తుంది. పెడల్, పెడిక్యూర్, ట్రైపాడ్ అని టకటకా చెప్పేస్తారు. చిక్కంతా ఆ తర్వాతే.

అపోహ: పీడియాట్రీషియన్ అంటే కాళ్ల డాక్టర్.

మొన్న టెస్టులో ఈ ఆప్షన్‌కే టిక్ పెట్టి, ‘రూట్ మీరే చెప్పారుగా సార్’ అని నన్నే నిలదీశాడొకడు. వాస్తవానికి ఇది గ్రీకులో పిల్లలను సూచించే ‘పైడ్’ నుంచి వచ్చింది. బ్రిటిష్ స్పెల్లింగులో పీ తర్వాత ఏ, ఈ రెండూ ఉంటాయి. అమెరికన్లు ఏ తీసేసరికి రెండు మూలాలూ ఒకేలా కనబడుతున్నాయి. పెడగాగీ (బోధనాశాస్త్రం) కూడా పిల్లల మాటే. కాళ్ల డాక్టర్‌ని పొడియాట్రిస్ట్ అంటారు.

అపోహ: ఇంపీడ్ (అడ్డుకోవడం), ఎక్స్‌పెడైట్ (త్వరపరచడం), పెడిగ్రీ (వంశక్రమం) అనే మాటలకు పాదంతో పనిలేదు.

ఉంది. ఇంపీడ్‌కి మూలమైన లాటిన్ మాటకు కాళ్లకు సంకెల వేయడం అని అర్థం. మనం ‘ముందరికాళ్లకు బంధం వేశాడు’ అంటామే, అచ్చంగా అదే. ఆ బంధం విప్పితే ఎక్స్‌పెడైట్. పెడిగ్రీ ఫ్రెంచి మాట, ‘సారసపక్షి పాదం’ అని. వంశవృక్షంలో చీలే గీతలు ఆ పక్షి కాలివేళ్లలా ఉంటాయి కదా!

అపోహ: సెంటిపీడ్‌కి సరిగ్గా వంద కాళ్లు.

జెర్రి కాళ్ల జతలు దాదాపు ఎప్పుడూ బేసి సంఖ్యలోనే ఉంటాయి. వంద కావాలంటే 50 జతలుండాలి, అది సరి సంఖ్య.

ఆక్టోపస్‌లోని ‘పస్’ కూడా పాదమే. దాని బహువచనం ఆక్టోపై అనేవాళ్లకు ఒక్క మాట: అది గ్రీకు పదం, లాటిన్ తోక అతకదు. ఆక్టోపసెస్ అనండి, చాలు.

అపోహ: ‘పెడ్’ మన ‘పాదం’ నుంచే పుట్టింది.

కాదు, అవి తోబుట్టువులు. సంస్కృత ‘పాద’, లాటిన్ ‘పెడ్’, ఇంగ్లిష్ ‘ఫుట్’ ఒకే ఇండో-యూరోపియన్ కుటుంబానివి. ‘పితృ’కు ‘ఫాదర్’లా ఇంగ్లిష్‌లో ప ఫ అయింది, ‘దశ’కు ‘టెన్’లా ద ట అయింది. తెలుగులో ‘పాదం’ సంస్కృతం నుంచి అరువు తెచ్చుకున్నదే. మన సొంత మాటలు కాలు, అడుగు.

ఇక నాకిష్టమైనది టీపాయ్. టీ పెట్టుకునే బల్ల కాబట్టి ఆ పేరనుకుంటాం. నిజానికది హిందీ ‘తిపాయీ’, అంటే మూడు కాళ్లది, మన ముక్కాలిపీట. ఇంగ్లిష్ వాళ్లు ఆ ‘తి’ని టీ అనుకుని స్పెల్లింగు మార్చేశారు. అర్థంలో టీపాయ్, ట్రైపాడ్ ఒకటే. మా ఇంట్లో టీపాయ్‌కి మాత్రం నాలుగు కాళ్లు.