పసిపిల్లల నడక, మాట, రాత: అపోహలు - వాస్తవాలు

పిల్లల ఎదుగుదలను పరీక్షించే వైద్యురాలిగా నేను తరచూ గమనించేది ఒకటుంది. ఓపిక పట్టవలసిన విషయాలలో తల్లిదండ్రులు తొందరపడుతున్నారు, తొందరపడవలసిన విషయాలలో ఓపిక పడుతున్నారు. పదకొండో నెలలో బిడ్డ నడవలేదని కంగారుపడే కుటుంబమే, రెండున్నరేళ్ళకు మాట రాకపోతే "వాళ్ళ నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయి" అని ఊరుకుంటుంది.

అపోహ: ఏడాది నిండేసరికి నడవాలి. వాకర్‌లో కూర్చోబెడితే నడక త్వరగా వస్తుంది.

వాస్తవం: ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో సహా ఐదు దేశాల పిల్లలను గమనించి 2006లో ప్రచురించిన ప్రమాణాల ప్రకారం, ఆరోగ్యవంతమైన బిడ్డ 8వ నెల తరువాత మొదలుకొని దాదాపు 18వ నెల లోపు ఎప్పుడైనా ఆసరా లేకుండా నడవవచ్చు. కొందరు అసలు పాకకుండానే లేచి నిలబడతారు. వాకర్‌లో ఉన్న బిడ్డ కాలివేళ్ళతో నేలను తన్నుకుంటూ జరుగుతాడు గాని, ఒరిగినప్పుడు తనంతట తాను సర్దుకోవలసిన అవసరం అతనికి రాదు. నడకకు మూలమైన ఆ సాధనే జరగకపోవడం వల్ల నడక త్వరగా రాకపోగా కొంత ఆలస్యం కూడా కావచ్చు. మెట్ల మీది నుంచి పడి తలకు దెబ్బలు తగులుతున్నాయని కెనడా 2004లో వాకర్ల అమ్మకాన్నే నిషేధించింది. శుభ్రమైన నేల, పట్టుకుని నిలబడటానికి ఒక మంచం కోడు ఉంటే చాలు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ విషయంలో, ఎన్ని వారాలు ముందుగా పుడితే అన్ని వారాలు తీసివేసి వయస్సును లెక్కించాలి. రెండేళ్ళు వచ్చేవరకు ఇదే పద్ధతి. అయితే 18 నెలలు దాటినా నడవకపోయినా, ఏడాది నిండకముందే బిడ్డ ఎప్పుడూ ఒకే చేతిని వాడుతున్నా తప్పకుండా చూపించాలి.

అపోహ: మగపిల్లలకు మాటలు ఆలస్యంగానే వస్తాయి, కంగారు అక్కరలేదు.

వాస్తవం: నన్ను ఎక్కువగా బాధపెట్టే అపోహ ఇదే. ఆడపిల్లలకూ మగపిల్లలకూ మాటల విషయంలో సగటున ఉండే తేడా చాలా స్వల్పం, ఏళ్ళ తరబడి ఎదురుచూడటానికి అది కారణం కాదు. ఏడాది నిండేసరికి బిడ్డ "బబ", "దద" వంటి శబ్దాలు చేయాలి, టాటా చెప్పడం, చేతులు చాచి ఎత్తుకోమనడం వంటి సైగలు చేయాలి. 16 నెలలకు ఒక్క మాటైనా రాకపోయినా, రెండేళ్ళకు "పాలు కావాలి" వంటి రెండు మాటల కూర్పు లేకపోయినా, పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, వచ్చిన మాటలు ఏ వయస్సులోనైనా పోయినా వెంటనే పరీక్ష చేయించాలి.

ఆ పరీక్షలలో మొదటిది వినికిడిది. "వినిపిస్తుందండీ, తలుపు చప్పుడైతే తిరుగుతాడు" అని తల్లులు నమ్మకంగా చెబుతారు. తలుపు చప్పుడు మంద్రమైన, పెద్ద శబ్దం, పైగా దాని అదురు నేలలోనూ తెలుస్తుంది. మాటలోని "స", "ష" వంటి సన్నని ధ్వనులు వినపడని బిడ్డ కూడా ఆ చప్పుడుకు తిరుగుతాడు. కాబట్టి ఇంట్లో చప్పట్లు కొట్టి, గిన్నెలు మోగించి నిర్ణయానికి రాకూడదు. పుట్టిన నెలలోపు వినికిడి పరీక్ష, మూడు నెలలలోపు నిర్ధారణ, ఆరు నెలలలోపు చికిత్స ప్రారంభం కావడం ఉత్తమం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఇటువంటి లోపాలను ఉచితంగా పరీక్షిస్తారు. అంగన్‌వాడీలో గాని, ప్రభుత్వాసుపత్రిలో గాని అడిగితే జిల్లాలో ఇటువంటి పిల్లల కోసం ఉన్న సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు.

వస కొమ్మును అరగదీసి నాకిస్తే మాటలు వస్తాయన్నది మన ఇళ్ళలో బలమైన నమ్మకం. పెద్దల ప్రేమను నేను కాదనను, కాని వస వల్ల మాటలు రావు. పసిపిల్లలకు వాంతులు కావచ్చు, అరగదీసే రాయి నుంచి క్రిములు కడుపులోకి పోవచ్చు. ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప మరేదీ వద్దు. నాలుక కింది పొరను కోయిస్తే మాట వస్తుందన్నదీ సరికాదు. ఆ పొర వల్ల పాలు తాగడానికి ఇబ్బంది కలగవచ్చు, కొన్ని అక్షరాలు స్పష్టంగా పలకకపోవచ్చు, అంతే గాని మాటలే రాకపోవడానికి అది కారణం కాదు.

అపోహ: రెండు భాషలు వింటే బిడ్డ తికమకపడతాడు, తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడాలి.

వాస్తవం: రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదు. విదేశాలలో ఉన్న తెలుగు కుటుంబాలకూ నేను ఇదే చెబుతాను: మీకు ధారాళంగా వచ్చిన భాషలోనే బిడ్డతో మాట్లాడండి. స్నానం చేయిస్తూ, అన్నం పెడుతూ చెప్పే కబుర్లే అసలైన శిక్షణ. ఫోనులోని పాటలు ఆ పని చేయలేవు, ఎందుకంటే ఫోను బిడ్డ ముఖం చూసి, వాడు అన్నదానికి బదులు పలకదు. రెండేళ్ళలోపు పిల్లలకు, దూరాన ఉన్న బంధువులతో వీడియో కాల్ తప్ప, తెర అసలు వద్దు.

అపోహ: మూడేళ్ళకే అక్షరాలు దిద్దితే చదువులో ముందుంటారు.

వాస్తవం: మూడేళ్ళ బిడ్డ చూసి గీయగలిగేది సున్న. ప్లస్ గుర్తు నాలుగేళ్ళకు, త్రికోణం దాదాపు ఐదేళ్ళకు వస్తాయి. మూడేళ్ళకే "ఋ", "ఱ" దిద్దించడం చేతికి మించిన పని, కాబట్టి పెన్సిలును పిడికిలితో బిగించి పట్టుకోవడం అలవాటవుతుంది. చపాతీ పిండి పిసకడం, చిక్కుడుకాయలు ఒలవడం, బొత్తాలు పెట్టుకోవడం వేళ్ళకు బలాన్నిస్తాయి. 2020 జాతీయ విద్యా విధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ళ వరకు దశలో ఆటకే ప్రాధాన్యమిచ్చింది.

అపోహ: బొమ్మ ఇవ్వని పిల్లవాడు స్వార్థపరుడు.

వాస్తవం: రెండేళ్ళ వయస్సులో పిల్లలు ఒకరి పక్కన ఒకరు కూర్చుని ఎవరి ఆట వారు ఆడుకుంటారు. ఎదుటివారి మనస్సులో తనకు భిన్నమైన ఆలోచన ఉంటుందన్న గ్రహింపు నాలుగేళ్ళ ప్రాంతంలో స్థిరపడుతుంది. అంతవరకు "పంచుకో" అని గద్దించి చేతిలోది లాక్కుంటే, బలమున్నవారు లాక్కోవచ్చని మాత్రమే వారికి అర్థమవుతుంది. "అన్న ఆడుకున్నాక నీ వంతు" అని చెప్పి, ఆ వంతు నిజంగా వచ్చేలా చూడండి.