పెళ్ళిపీటల మీద చెమట

పెరంబూరు, చెన్నై

చిరంజీవులైన పిల్లలకు పెదనాన్న ఆశీర్వదించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం. మీలో ఒకరి పెళ్ళి వైశాఖంలో, ఇంకొకరిది మాఘంలో. ఇద్దరూ విడివిడిగా ఫోన్ చేసి ఒకటే అడిగారు: "పెదనాన్నా, ఆ రోజు చెమట పట్టకుండా ఏదైనా ఉందా?" ఫోన్లో చెబితే సగం మర్చిపోతారని రాస్తున్నాను.

మందుల షాపులో కూర్చున్నన్నాళ్ళూ చూశాను. పెళ్ళి రేపనగా సాయంత్రం పరుగెత్తుకొచ్చి, అన్నిటికన్నా ఖరీదైన డియోడరెంట్ ఇవ్వమంటారు. అది వాసనకు, చెమటకు కాదు. అసలు చెమటకు వాసన దాదాపు ఉండదు, చంకల్లో ఉండే బాక్టీరియా దాన్ని విడగొట్టినప్పుడే వాసన పుడుతుంది. చెమట తగ్గాలంటే కొనాల్సింది యాంటీపెర్స్పిరెంట్. డబ్బా వెనక అల్యూమినియం లవణం పేరు ఉందో లేదో చూసుకోండి. అది చెమట గొట్టం మూతిలో బిరడాలా కూర్చుంటుంది.

దాన్ని అందరూ పొద్దున స్నానం చేసి హడావుడిగా రాసుకుంటారు. రాయాల్సింది రాత్రి పడుకునే ముందు, బాగా తుడిచి ఆరిన చర్మం మీద. నిద్రలో చెమట తక్కువ కాబట్టి ఆ బిరడా కుదురుకోవడానికి టైమ్ దొరుకుతుంది. పొద్దున కడిగేసుకున్నా పని చేస్తూనే ఉంటుంది. పెళ్ళికి రెండు మూడు వారాల ముందే మొదలుపెట్టండి. మంట, దురద వస్తే ఇంకో రకం చూసుకోవడానికి వ్యవధి ఉంటుంది. వాక్సింగ్ చేయించుకున్న రోజు, షేవ్ చేసుకున్న రోజు మాత్రం రాయకండి, భగ్గుమంటుంది. నానమ్మ చెప్పే పటిక ఉత్త మూఢనమ్మకం కాదు, అందులోనూ అల్యూమినియమే ఉంది. కాకపోతే బలం తక్కువ.

చొక్కా మార్చుకోవాల్సినంతగా పట్టేవాళ్ళు, అరచేతుల నుంచి బొట్లు కారేవాళ్ళు నెలన్నర, రెండు నెలల ముందే చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. అల్యూమినియం క్లోరైడ్ ఎక్కువ శాతం ఉన్న లోషన్లు ఆయన రాసిస్తారు. అరచేతులకు నీళ్ళ పళ్ళెంలో సన్నగా కరెంటు పంపే అయాంటోఫొరెసిస్ అనే చికిత్స ఉంది. వారానికి కొన్నిసార్ల చొప్పున కొన్ని వారాలు తిరగాలి. చంకలకు బోటాక్స్ ఇంజెక్షన్ ఇస్తారు. అమెరికాలో 2004లోనే ఈ పనికి అనుమతి ఇచ్చారు. పూర్తిగా పని చేయడానికి రెండు వారాలు పడుతుంది, తర్వాత కొన్ని నెలలు ఉంటుంది. అరచేతుల్లో వేయిస్తే నొప్పి ఎక్కువ, కొన్నాళ్ళు పట్టు తగ్గవచ్చు. కాబట్టి పెళ్ళి వారంలో చేతులకు వద్దు. గ్లైకోపైరోలేట్ లాంటి మాత్రలు ఒళ్ళంతా చెమట తగ్గిస్తాయి, నోరు ఎండిపోతుంది. చెమటే పట్టకుండా మే నెలలో హోమం ముందు కూర్చుంటే ఒళ్ళు వేడెక్కి పడిపోవచ్చు. ఫ్రెండు వేసుకున్నాడని మీరు వేసుకోకండి. ఇదివరకు లేని చెమట ఈమధ్యే మొదలైనా, రాత్రి పక్క తడిసిపోతున్నా, బరువు తగ్గుతూ గుండె దడగా ఉన్నా అది పెళ్ళి టెన్షన్ అనుకోవద్దు. థైరాయిడ్, షుగరు పరీక్షలు చేయించుకోండి.

ఇక మన ఊరి సంగతి. కర్నూల్లో మీ అత్తయ్య నలభై డిగ్రీల ఎండలో కూడా పొడిగానే కనిపిస్తుంది, ఇక్కడ ముప్పై నాలుగుకే మనం తడిసి ముద్దవుతాం. చెమట ఆవిరైతేనే ఒళ్ళు చల్లబడుతుంది. సముద్రం పక్కన గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది కాబట్టి చెమట ఆరదు, ఒంటిమీదే నిలిచిపోతుంది. అందుకే హాల్లోకి ఎయిర్ కూలర్లు అద్దెకు తేవద్దు. కర్నూల్లో అవి బంగారం, చెన్నైలో మూసిన హాల్లో పెడితే గాలికి ఇంకాస్త తేమ చేరుస్తాయి. నీటి తుంపర కొట్టే ఫ్యాన్లదీ అదే కథ, పైగా మేకప్ పాడవుతుంది.

ఏసీ హాలు తీసుకున్నాం కదా అని నిశ్చింతగా ఉండకండి. అసలు చిక్కు మండపం మీదే. హోమం మొదలవగానే పంతులుగారు ఫ్యాన్లు ఆపమంటారు, పొగ కోసం తలుపులు తెరుస్తారు, ఏసీ కాస్తా వీధిలోకి పోతుంది. వీడియో లైట్ల వేడి ఒకటి. వీటన్నిటికీ తోడు మనవాళ్ళు. తాళి కట్టేటప్పుడు బంధువులంతా ఫోన్లు ఎత్తి పీటల చుట్టూ గోడ కట్టేస్తారు, ఇక గాలి ఎక్కడిది? ముందురోజే పంతులుగారిని, హాలు మేనేజరును, వీడియో అబ్బాయిని ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడాలి. హోమగుండం వైపు గాలి పోకుండా వెనక నుంచి, కింద నుంచి ఒక టేబుల్ ఫ్యాన్ పెట్టవచ్చా? ఎల్‌ఈడీ లైట్లు తెస్తారా? జనాన్ని పక్కకు తప్పించడానికి గట్టి గొంతున్న మేనమామ ఒకడు చాలు, మన ఇంట్లో వాళ్ళకు కొదవ లేదు.

అమ్మాయ్, కంచిపట్టు చీర బరువును ఏమీ చేయలేం, కానీ జాకెట్టు లైనింగ్ నీ చేతిలో ఉంది. టైలరు పాలిస్టర్ వేస్తానంటే ఒప్పుకోకు, మెత్తటి నూలు వేయించు. చంకల్లో ప్యాడ్లు కుట్టించుకో. పూలజడ మెడను కప్పేస్తుంది, అలంకరణ చేసే ఆవిడకు తేలికగా అల్లమని చెప్పు. మధుపర్కాల్లోకి మారాక నీకే తెలుస్తుంది, నూలుబట్ట కట్టగానే ప్రాణం లేచొస్తుంది. ఒరేయ్ పెళ్ళికొడకా, రిసెప్షన్‌కు ఆ దళసరి షేర్వానీ మాఘంలో అయితే సరే. మీ బావ వైశాఖంలో వేసుకుంటానంటే నువ్వే ఆపు.

ముఖం మీద చెమట పడితే తుడవకండి, మెత్తటి నూలు గుడ్డతో అద్దండి. తోడు పెళ్ళికూతురు దగ్గర రెండు మూడు ఉంచండి. నీళ్ళు తాగకపోతే చెమట పట్టదనుకోవడం ప్రమాదం, కళ్ళు తిరుగుతాయి. ఉపవాసం ఉండాలంటే మజ్జిగో కొబ్బరినీళ్ళో తాగవచ్చేమో పంతులుగారిని అడగండి. ముందురోజు రాత్రి ఆవకాయ ఎంత తిన్నా ఫరవాలేదు, ఆ పొద్దున మాత్రం కారం వద్దు. కారం నోట్లో పడితే ఒళ్ళు వేడెక్కిందని నరాలు మోసపోయి చెమట పట్టిస్తాయి. ఫిల్టర్ కాఫీ మానమంటే మీరు పెళ్ళే మానేస్తారు గనక ఒక్క గ్లాసుతో సరిపెట్టుకోండి.

ఇంత చేసినా జీలకర్రబెల్లం పెట్టేటప్పుడు అరచేయి తడుస్తుంది. అది ఎండవల్ల కాదు, మనసులో కంగారు అరచేతుల్లోకి, అరికాళ్ళలోకి, చంకల్లోకి దిగుతుంది. అంత జీలకర్రబెల్లం ముద్దలో ఆ తడి ఎవరికి తెలుస్తుంది? పైగా ఎదుటివాళ్ళ చేయీ అలాగే ఉంటుంది.

చీర విప్పగానే మడత పెట్టి బీరువాలో పెట్టకండి, చెమటకు జరీ నల్లబడుతుంది. నీడలో ఆరేసి డ్రైక్లీనింగ్‌కు ఇవ్వండి.

హాలు ఖాయం కాగానే చెప్పండి. ఫ్యాన్ల సంగతి నేనే వెళ్ళి మాట్లాడతాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న