కంటి అంచున నారుమడి

నెల్లూరు, చిత్తూరు ప్రాంతాల మనవాళ్లకు కంటి జబ్బు అనగానే చెన్నై గుర్తొస్తుంది. ఎగ్మోర్ ప్రభుత్వ కంటి ఆసుపత్రి 1819 నాటిది. శంకర నేత్రాలయ 1978లో మొదలైంది. ఇలాంటి చోట్లకు కంట్లో సున్నం పడినవారూ వస్తుంటారు. వెల్ల వేసే కూలీలు, తాంబూలపు సున్నం ప్యాకెట్‌ను నొక్కి ఆడుకున్న పిల్లలు. ఆ పిల్లల సంగతి తలచుకుంటేనే గుండె తరుక్కుపోతుంది.

ఆమ్లం పడితే మాంసకృత్తులు గడ్డకట్టి, చాలావరకు దాని దారికి అవే అడ్డుపడతాయి. సున్నం అలా ఆగదు. అది క్షారం, కణాల పొరల్లోని కొవ్వును సబ్బుగా మారుస్తూ లోపలికి దిగిపోతుంది. అందుకే ఆసుపత్రికి బయలుదేరే ముందే, ఉన్నచోటే, కుళాయి నీళ్లతోనైనా అరగంట సేపు కడగాలి. రెప్పల మాటున దాగిన సున్నం పలుకులను ఆ తరవాత డాక్టర్లు తీస్తారు.

నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే సన్నని అంచును లింబస్ అంటారు. నా దృష్టిలో అది కంటికి నారుమడి. నల్లగుడ్డు ముందు అద్దంలా ఉండే పారదర్శక పొర కార్నియా. దాని పైపొర వారం పది రోజులకోసారి కొత్తదవుతుంది. దానికి కావలసిన కణాలను ఈ అంచులోని మూలకణాలే పుట్టిస్తాయి. ఆ మడి కాలిపోతే తెల్లగుడ్డు మీది పొర రక్తనాళాలతో సహా కలుపులా కార్నియా మీదికి పాకుతుంది. అప్పుడు దాత కార్నియా ఒక్కటే కుట్టినా నిలవదు, దాని పైపొరకు నారు అందించే మడి లేదు కనుక.

హైదరాబాద్ ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి వైద్యులు 2012లో ప్రచురించిన పద్ధతి అచ్చం నాటు వేయడమే. బాగున్న రెండో కంటి అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీస్తారు. దాన్ని ఎనిమిది, పది తునకలు చేసి, దెబ్బతిన్న కంటి మీద పరిచిన ఉమ్మనీటి సంచి పొరపై జిగురుతో అంటిస్తారు. అంతకుముందు ఇంత చిన్న ముక్కతో సరిపెట్టాలంటే ఈ కణాలను ప్రయోగశాలలో పెంచి తేవలసి వచ్చేది. ఇప్పుడు ఆ ఖర్చు లేదు, కన్నే వాటిని పెంచుకుంటుంది.

రెండు కళ్లూ కాలితే దగ్గరి బంధువు వంటి దాత కంటి నుంచి నారు తేవాలి. శరీరం దాన్ని తోసిపుచ్చకుండా దీర్ఘకాలం మందులు వాడాలి. కన్నీరు కూడా ఇంకిపోయిన కంటికి అదీ పనికిరాదు. అలాంటివారికి శంకర నేత్రాలయలో చేసే శస్త్రచికిత్స వింటే మొదట నమ్మబుద్ధి కాదు. రోగి కోరపన్నును చుట్టూ ఉన్న ఎముకతో సహా తీసి, పలకగా అరగదీసి, రంధ్రం చేసి, అందులో ప్లాస్టిక్ కటకం బిగిస్తారు. దాన్ని చర్మం కింద సుమారు మూడు నెలలు దాచితే చుట్టూ కణజాలం పెరుగుతుంది. కంటి మీద బుగ్గ లోపలి పొర కప్పి, చివరికి ఆ పలకను దాని కింద అమరుస్తారు. గులాబీ రంగు పొర మధ్య చిన్న చుక్కలా కటకం మాత్రమే బయటికి కనిపిస్తుంది. వెలుగు అందులోంచే లోపలికి వెళుతుంది.