పాత బోటు కొంటున్నారా? స్టాంపు పేపరు రాసుకున్నంత మాత్రాన బోటు మీదైపోదు: అపోహలు - వాస్తవాలు

ఏప్రిల్ 15న సముద్రంలో చేపల వేట నిషేధం మొదలవగానే కాకినాడ నుంచి అంతర్వేది దాకా రేవుల్లో పాత బోట్ల బేరాలు ఊపందుకుంటాయి. బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. అమ్మేవారికి రిపేర్ల ఖర్చు కళ్లముందు కనబడుతుంటుంది. కొనేవారికి నిషేధం ముగిసే జూన్ 14 కల్లా బోటు సిద్ధంగా ఉండాలన్న తొందర. ఆ తొందరలోనే ఏటా అవే పొరపాట్లు, మళ్లీ అవే ఏడుపులు. వాటిలో మనుషుల్ని నిలువునా ముంచేది ఒకటుంది. దాని గురించే ఎక్కువ చెప్పాలి.

అపోహ: "స్టాంపు పేపరు మీద రాసుకున్నాం, ఇద్దరు పెద్దమనుషులు సాక్షి సంతకాలు పెట్టారు. ఇక బోటు మాదే. పేరు మార్పు నిదానంగా చూసుకుంటాం."

ఆ కాగితం మీకూ అమ్మినవారికీ మధ్య కుదిరిన ఒప్పందానికి ఆధారం, అంతవరకే. మత్స్యశాఖ రిజిస్ట్రేషన్‌లో పేరు మారేవరకు ప్రభుత్వం దృష్టిలో యజమాని పాతాయనే. డీజిల్ రాయితీ ఆయన పేరు మీదే. తుపానుకు బోటు కొట్టుకుపోతే నష్టపరిహారం జాబితాలో ఆయన పేరే. నిషేధ కాలంలో వేట లేని మత్స్యకారులకు ప్రభుత్వం ఇచ్చే భృతి 2025 నుంచి 20 వేల రూపాయలయింది. ఆ జాబితాకు బోటువారీగా కళాసీల పేర్లు రాసుకుంటారు. బోటు మీ పేరు మీద లేకపోతే మీ కళాసీల పేర్లు ఎవరు చెప్పాలి? సముద్రంలో ఆపద వచ్చి కోస్ట్ గార్డు సాయం నంబరు 1554కి ఫోన్ చేసి బోటు నంబరు చెబితే, ఆ నంబరు పక్కన రికార్డులో ఉండేది పాత యజమాని ఫోనే.

అమ్మేవారు కూడా "డబ్బులు ముట్టాయి, నాకేంటి" అనుకుంటారు. వాళ్లకూ గండమే. కొన్నవారు నిషేధ కాలంలో వేటకెళ్లి పట్టుబడినా, కళాసీకి ప్రాణం మీదికి వచ్చినా, నోటీసు వచ్చేది రికార్డులో పేరున్నవారి ఇంటికే.

ఇంతకంటే లోతైన గొయ్యి బాకీలు. బోటు మీద మూడు రకాల అప్పులు, షరతులు ఉండొచ్చు. మొదటిది బ్యాంకు లోను. అది తీరిందని నోటితో చెబితే చాలదు, బ్యాంకు ఇచ్చిన నిరభ్యంతర పత్రం అసలు కాపీ చూడాలి. రెండోది సబ్సిడీ. సబ్సిడీ మీద వచ్చిన బోటుకు గానీ ఇంజనుకు గానీ అమ్మకంపై షరతులుంటాయి. మంజూరు ఉత్తర్వు అడిగి చదివించుకోండి. మూడోది ఏ కాగితంలోనూ కనబడదు, అదే సావుకారు అడ్వాన్సు. రొయ్య, చేప కొనే వ్యాపారి బోటు యజమానికి ముందుగా డబ్బిస్తాడు, సరుకంతా తనకే పోయాలన్నది షరతు. బోటు చేతులు మారినా ఆ వ్యాపారి లెక్కలో బాకీ బోటు మీదే ఉంటుంది. మీరు మొదటి వేట చేసుకుని రేవుకొచ్చేసరికి ఆయన మనుషులు కాటా పట్టుకుని నిలబడి ఉంటారు. చట్టం ఏం చెప్పినా, రేవులో ఆ గొడవ పడేది మీరే. అందుకే బేరం ఖాయం కాకముందే ఆ బోటు సరుకు ఎవరికి పోస్తోందో కనుక్కుని, ఆ వ్యాపారి దగ్గరికే వెళ్లి అడగండి. బాకీ ఉంటే అమ్మకం డబ్బులో నుంచి నేరుగా ఆయనకే కట్టి, "ఈ బోటు మీద నాకు బాకీ లేదు" అని రాయించుకోండి. అడగడానికి మొహమాటపడేవాళ్లే ఎక్కువ. ఆ మొహమాటం ఖరీదు లక్షల్లో ఉంటుంది.

వరస ఇలా పెట్టుకోండి. ముందు అసలు రిజిస్ట్రేషన్ పత్రం, వేట లైసెన్సు రెండూ చూడండి. ఇవి రెండూ ఒకటి కాదు. రిజిస్ట్రేషన్ బోటు ఎవరిదో చెబుతుంది, లైసెన్సు ఆ బోటుతో వేటాడేందుకు అనుమతి. రెండోదానికి గడువు తీరిపోయి ఉండటం మామూలే. తర్వాత బోటు మీద రాసిన నంబరు పత్రంతో సరిపోల్చండి. ఐఎన్‌డీ, ఏపీ తర్వాత వచ్చే అక్షరాల్లో ఎంఎం అంటే మెకనైజ్డ్ (లోపలే ఇంజను బిగించిన బోటు), ఎంఓ అంటే మోటరైజ్డ్ (పడవకు బయట మోటారు తగిలించింది). టేపు పెట్టి పొడవు కొలిచి, అదీ పత్రంతో సరిచూడండి. ఇంజను బ్లాకు మీద ఉన్న నంబరును తుడిచి, దానిపై తెల్ల కాగితం అదిమి పెన్సిల్‌తో రుద్దండి. మోటారు సైకిల్‌కు చాసిస్ ప్రింటు తీసినట్టే. ఆ అంకెలు పత్రంలో ఉన్నవాటితో కలవకపోతే ఇంజను మార్చి రికార్డులో ఎక్కించలేదన్నమాట. అది సరిచేయించే పని అమ్మేవారిది, అదీ పేరు మార్పుకు ముందే.

అడ్వాన్సు పది శాతం మించి ఇవ్వకండి. పెద్ద మొత్తం ఇవ్వాల్సింది ఇద్దరూ కలిసి మత్స్యశాఖ ఆఫీసులో పేరు మార్పు దరఖాస్తు మీద సంతకాలు పెట్టే రోజు. అదీ బ్యాంకు ద్వారానే. మరో పది, పదిహేను శాతం మీ పేరుతో పత్రం చేతికొచ్చేవరకు ఆపుకోండి. ఒప్పందంలో ఇంజను, గేరుబాక్సు, వలలు, వించి, జీపీఎస్, వైర్‌లెస్, లైఫ్ జాకెట్లు, ఐసు పెట్టెలు ఒక్కొక్కటీ పేరుపేరునా రాయండి. "సామానుతో సహా" అన్న ముక్క మీద జరిగే తగాదాలకు లెక్కే లేదు.

అపోహ: "కొత్తగా రంగు వేశారు, బోటు గట్టిగానే ఉంది."

రంగు చూసి మురిసిపోకండి. అమ్మకానికి ముందు వేసిన రంగు కింద ఏముందో చూడటమే అసలు పని. చెక్క బోటును తొలిచే సముద్రపు పురుగు లోపలికి వెళ్లే రంధ్రం చాలా సన్నగా ఉంటుంది. పలక పైకి బాగానే కనబడుతూ లోపల గుల్లయిపోతుంది. సన్నటి స్క్రూడ్రైవరు తీసుకుని అడుగు దూలం, నీటిమట్టం దగ్గరి పలకలు, ఇంజను కూర్చున్న దిమ్మెల చుట్టూ జాగ్రత్తగా గుచ్చండి. మెత్తగా దిగితే ఆ పలక మార్చాల్సిందే. మేకుల చుట్టూ తుప్పు మరకలున్నా, పలకల సందుల్లో కూర్చిన నూలు ఊడి వస్తున్నా, అది ఖర్చే.

ఫైబరు బోటైతే సుత్తి పిడితో అడుగంతా తట్టుకుంటూ వెళ్లండి. గట్టి చోట టంగుమంటుంది. పొరలు విడిపోయిన చోట, నీరు పట్టిన చోట డొల్ల చప్పుడొస్తుంది. ఔట్‌బోర్డు ఇంజను బిగించే వెనక పలకను ఇద్దరు పట్టుకుని ఊపండి. అది కదిలితే లోపలి చెక్క కుళ్లింది. దాన్ని బాగుచేయించడం పైన గుడ్డ, రెజిన్ పూసినంత తేలిక కాదు. ప్రొపెల్లర్ షాఫ్టును పైకీ కిందికీ ఎత్తి చూడండి. చేతికి తెలిసేంత ఊగితే బేరింగు అరిగింది. చుక్కానిని కూడా అలాగే ఊపి చూడాలి.

అపోహ: "ఒక్క తిప్పుకే స్టార్టయింది, ఇంజను సూపర్."

మీరు వెళ్లేసరికి ఇంజను వేడిగా ఉంటే ఆ పరీక్ష లెక్కలోకి రాదు. ముందు బ్లాకు మీద చెయ్యి పెట్టండి. చల్లగా ఉంటేనే స్టార్టు చేయించండి. ఆయిల్ కొలిచే కడ్డీ తీసి చూడండి. ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే నీళ్లు కలిశాయి. నీలం పొగ వస్తే ఆయిల్ మండుతోంది. నల్ల పొగ తగ్గకపోతే ఇంజెక్టర్ల మీదో, ప్రొపెల్లర్ సైజు మీదో అనుమానపడాలి. అన్నిటికంటే ముఖ్యమైనది లోడు మీద నడపడం. ఫుల్ స్పీడులో కనీసం ఇరవై నిమిషాలు నడిపితేగానీ వేడెక్కే జబ్బు బయటపడదు. ఉప్పునీటి కూలర్‌లో పొరలు పేరుకుంటే మొదటి ఐదు నిమిషాలు అంతా బాగానే ఉన్నట్టు కనబడుతుంది.

నిషేధ కాలంలో ఒడ్డున ఉన్న బోటుకు అడుగు చూడటం సులువు, ఇంజను చూడటం కష్టం. అప్పుడు కొనేవారు ఆపుకున్న మొత్తంలో కొంత భాగం జూన్ 14 తర్వాత మొదటిసారి లోడు మీద నడిపి చూశాకే ఇస్తామని ఒప్పందంలో రాయించుకోవాలి. అమ్మేవారు దానికి ససేమిరా అంటే, ఎందుకంటున్నారో ఆలోచించండి.

సరంగు మాట నమ్మొచ్చా అని అడుగుతుంటారు. ఆ బోటు నడిపిన సరంగుకు దాని సంగతి అందరికంటే బాగా తెలుసు. కానీ బేరం కుదిరితే ఆయనకు ఎవరిస్తారో, ఎంతిస్తారో ముందు తెలుసుకోండి. మీ తరఫున చూసే వడ్రంగి, ఇంజను మేస్త్రీ వేరే రేవు వాళ్లయితే మంచిది. వాళ్ల కూలి దండగ అనుకోకండి.

అపోహ: "బ్రోకర్ ఉన్నాడుగా, ఏదైనా తేడా వస్తే ఆయన చూసుకుంటాడు."

బ్రోకర్ బోటు యజమాని కాడు, ఇంజనుకు గ్యారంటీ ఇచ్చేవాడూ కాడు. కొనేవారినీ అమ్మేవారినీ కలపడం, ధర తేల్చడం, కాగితాలు నడిపించడం ఆయన పని. అది సరిగ్గా చేస్తే కమీషన్ న్యాయమైనదే. అయితే కమీషన్ ఎవరి దగ్గర తీసుకుంటున్నాడో, రెండు వైపులా తీసుకుంటున్నాడేమో మొదటి రోజే తేల్చుకోండి. అడ్వాన్సు బ్రోకర్ చేతికిస్తే, బేరం చెడితే ఎన్ని రోజుల్లో వెనక్కిస్తాడో రసీదులోనే రాయించుకోండి. కమీషన్లో సగం పేరు మార్పు పూర్తయ్యాకే ఇస్తామనండి. పనిచేసే బ్రోకర్ దానికి అభ్యంతరం చెప్పడు.

ఇన్సూరెన్సు బోటుతో పాటే వస్తుందనుకోవడం కూడా తప్పే. కంపెనీ ఒప్పుకుని మీ పేరు ఎక్కించేదాకా పాత పాలసీ మీకు చిత్తు కాగితమే. బోటు నీళ్లలోకి దింపే ముందే ఆ పని చూసుకోండి.

యానాం బోటు చవకగా దొరుకుతోందని భైరవపాలెం తెచ్చుకునేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. యానాం పుదుచ్చేరి కిందికి వస్తుంది, మధ్యలో ఉన్నది ఒక్క పాయే అయినా సరే. అక్కడి అధికారుల నిరభ్యంతర పత్రం, ఇక్కడ కొత్త రిజిస్ట్రేషన్, రంగు కోడు (రాష్ట్రాన్ని బట్టి బోటుకు వేసే రంగు) మార్పు అన్నీ కావాలి. ఆ ఖర్చు, ఆ రోజులు ధరలో తీసేసి చూడండి.

"పెద్ద బోటైతే పెద్ద వేట" అని విశాఖ హార్బరు నుంచి పెద్ద బోటు తెచ్చుకునేవారు ముందు తమ రేవు మొగ (పాయ సముద్రంలో కలిసే చోటు) చూసుకోవాలి. మన మొగల్లో ఇసుక మేటలు ఏటా జాగా మారుస్తాయి. లోతు ఎక్కువ కావాల్సిన బోటు పోటు కోసం గంటలు గంటలు కాచుకోవాలి, పట్టిన సరుకుకు ఐసు కరిగిపోతుంటుంది. బోటు నిండా ఐసు, డీజిల్ వేసినప్పుడు ఎంత నీటిలో మునుగుతుందో అడగండి. ఖాళీ బోటు లెక్క ఎందుకూ పనికిరాదు.

చివరగా, వేట బోటు కొని దిండి వైపు టూరిస్టులను తిప్పుకుందామనే ఆలోచన. వద్దు. వేట రిజిస్ట్రేషన్ మీద ప్రయాణికులను ఎక్కించకూడదు. దానికి 2021 నాటి ఇన్‌ల్యాండ్ వెసల్స్ చట్టం కింద వేరే రిజిస్ట్రేషన్, సర్వే సర్టిఫికెట్ ఉండాలి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల బోటు మునిగిన సంగతి గోదావరి జిల్లాల్లో ఎవరూ మరిచిపోలేదు. వేట బోటును అలా మార్చి ఇప్పిస్తానని ఎవరైనా బ్రోకర్ అంటే, సర్వే సర్టిఫికెట్ చేతికొచ్చేదాకా ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.